ముందు గాలిని గీయమ్మా

ఈ ఎండాకాలం మొదట్లో మోండా మార్కెట్‌కి కుండ కొనడానికి వెళ్ళాను. వరసలో ఉన్న ఒక కుండని చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో ఒక్కటి కొట్టి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయాను. కుండలమ్మే ఆమె నా మోచెయ్యి తట్టి, "ఏందమ్మా, నిలబడే నిద్రపోతున్నవా?" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కుండ బాగుందో లేదో తెలియడానికి చెవి చాలు, కళ్ళు మూసుకోవలసిన పని లేదు. ఆ మూసుకోవడం నాది కాదు, మా సార్‌ది. ఆయన పోయిన చలికాలంలో కాలం చేశారు. ఆయన అలవాటు నా వేళ్ళలోకి ఎప్పుడొచ్చి చేరిందో నాకు తెలియదు. కుండ చంకన పెట్టుకుని కూరగాయల కొట్ల మధ్య నడుస్తుంటే ఏడుపొచ్చింది.

మా సార్ కంటబడిన ప్రతి వస్తువునీ కొట్టి చూసేవారు. పుచ్చకాయని, తలుపుని, గోడని, కొత్తగా తెచ్చిన స్టూలుని, బస్సులో ముందు సీటు వెనక రేకుని. ఒకసారి మా దగ్గర మిషన్ నడిపే యాదగిరన్న స్కూటర్ దిగీ దిగకముందే ఆయన హెల్మెట్ మీద కూడా కొట్టి, కళ్ళు మూసుకుని విని, "మంచి గది" అన్నారు. సార్ లెక్కలో లోకంలో ఉన్నవన్నీ గదులే. లోపల గాలి ఉంటే చాలు, అది గది అయిపోతుంది. యాదగిరన్న ఆ పూటంతా, నా తలకాయ ఖాళీ అన్నట్టా కాదా అని అందరినీ అడుగుతూ తిరిగాడు. సార్‌ని మాత్రం అడగలేదు. అడిగితే ఆయన మళ్ళీ కొట్టి చూసి చెప్పేవారు.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఇళ్ళు అయిపోయి రేకుల షెడ్లు మొదలయ్యే చోట మా వర్క్‌షాపు ఉండేది. లోహపు దిమ్మల్ని తొలిచి పెద్ద ఫ్యాక్టరీలకు కావలసిన భాగాలు చేసిచ్చేవాళ్ళం. కంప్యూటర్లో బొమ్మ గీస్తే, ఆ బొమ్మ ప్రకారం మిల్లింగ్ మిషన్ తనంతట తనే దిమ్మని చెక్కేది. ఆ సందులో అప్పటికి అలాంటి మిషన్ మాకే ఉంది, పక్క షెడ్లవాళ్ళు దాన్ని చూడ్డానికి టీ గ్లాసులతో సహా వచ్చేవాళ్ళు. గీసేదాన్ని నేను, మిషన్ నడిపేది యాదగిరన్న, మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరిగేది సార్.

డిప్లొమా అయ్యాక కంప్యూటర్లో బొమ్మలు గీసే క్యాడ్ నేర్చుకుని అక్కడ చేరాను. మా వాళ్ళది బోయిన్‌పల్లి అవతల, తాత గొర్రెలు కాసినవాడు, నాన్నకి ఆఫీసులో చిన్న ఉద్యోగం. సార్ వాళ్ళు కృష్ణా జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి పద్మారావు నగర్‌లో స్థిరపడిన క్రైస్తవులు. జీవితమంతా బోర్డు మీద పెన్సిలుతో గీసి, రిటైరయ్యాక ఈ వర్క్‌షాపు పెట్టుకున్నారు. కంప్యూటర్ నేర్చుకోండి సార్ అంటే, ఈ చేతులు ఇంక వంగవమ్మా అని తప్పించుకునేవారు. నా పక్కన స్టూలేసుకుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చూపుడువేలితో గాల్లో గీసేవారు. ఆ వేలు ఎటు పోతే అటు నేను తెరమీద గీయాలి. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. గాల్లో గీసినదానికి కొలతలెక్కడివి అనడిగితే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంత అని ఎడం పట్టి, కదలకుండా ఉంచేవారు. నేను స్కేలు తెచ్చి ఆ ఎడాన్ని కొలుచుకునేదాన్ని. వేళాకోళానికి మొదలుపెట్టిన ఆ కొలవడం తర్వాత మా పనిలో భాగమైపోయింది.

తెరమీద వస్తువు గుండ్రంగా తిరగడం ఆయనకి మహా ఇష్టం. కాగితం మీద గీసిన బొమ్మ ఆయన కోసం ఎప్పుడూ తిరగలేదు కదా. "ఇంకోసారి తిప్పమ్మా" అనేవారు. అది తిరుగుతుంటే దానితోపాటు ఆయన తల కూడా మెల్లగా పక్కకి వాలేది. బయట మిషన్ మీద కత్తిని చల్లబరిచే తెల్లటి కూలెంట్ నీళ్ళు కారుతున్న చప్పుడు, కంప్యూటర్ కోసం పెట్టిన ఏసీ చల్లదనం, మధ్యాహ్నపు మగత. తెరమీద ఏదో ఒక భాగం చీకట్లో తేలుతూ తిరుగుతూ ఉండేది. మేమిద్దరం అలా చూస్తూ ఉండిపోయేవాళ్ళం. యాదగిరన్న తలుపు తోసి, "సార్, సినిమా అయిపోయిందా, జెర చాయ్ తాగుదమా" అంటేగానీ ఈ లోకంలో పడేవాళ్ళం కాదు. ఇప్పుడు తలుచుకుంటే అక్కడ ఉద్యోగం చేశానో కల కన్నానో చెప్పలేను.

ఒకరోజు ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, అందులో చుట్టిన చిన్న స్పీకర్ని నా బల్లమీద పెట్టారు. దోసిట్లో పట్టేంత ఉంది. దీనికి హౌసింగ్ చెయ్యాలన్నారు. మేం హౌసింగ్ అంటాం, యాదగిరన్న డబ్బా అంటాడు, అంటే స్పీకర్ లోపల కూర్చునే పెట్టె. ఏ కంపెనీది సార్ అనడిగాను. మా ఇంటి కంపెనీదే అని నవ్వి, చాలాసేపు ఆ స్పీకర్ని గోటితో తడుముతూ కూర్చున్నారు. తర్వాత మెల్లగా సంగతి చెప్పారు.

ఆయన భార్యని మేం ఆంటీ అనేవాళ్ళం. స్కూల్లో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. ఆమెకి వినికిడి తగ్గుతూ వచ్చి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది కొద్దిగా మిగిలింది. చెవి మిషన్ కొనిస్తే ఫ్యాను చప్పుడూ గాజుల చప్పుడూ పక్కావిడ దగ్గూ అన్నీ కలిసి ఒకేసారి చెవిలో పడుతున్నాయని బీరువాలో పెట్టేసింది. వాళ్ళ చర్చి పాతకాలపు రాతి కట్టడం. పైకప్పు బాగా ఎత్తు. మైకులో పాస్టర్ అయ్యగారి మాట పైదాకా వెళ్ళి, తిరిగొచ్చి, తర్వాతి మాట మీద పడేది. ఒక ఆదివారం అయ్యగారు ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకోడానికి ఆగితే, అయిపోయిందనుకుని ఆంటీ గట్టిగా ఆమేన్ అంది. నిండు చర్చిలో ఆవిడ ఒక్కర్తే. ముందు బెంచీలో ఆడపిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. ఆంటీ వంచిన తల కూడిక అయ్యేదాకా ఎత్తలేదట. ఆ తర్వాతి ఆదివారం నుంచి మోకాళ్ళ నొప్పులని చెప్పి చర్చికి రావడం మానేసింది.

"ఆ మోకాళ్ళతోనే వడియాలు పెట్టడానికి డాబా ఎక్కుతుందమ్మా" అన్నారు సార్. నవ్వుతూనే అన్నారు. "ఆదివారం పొద్దున నేను బయల్దేరితే గేటు దాకా వచ్చి, నా కోసం కూడా వినిరండి అంటుంది. ఒకళ్ళ కోసం ఇంకొకళ్ళు ఎలా వింటారు, చెప్పు?"

ఆ చిన్న స్పీకర్ వంక చూస్తే అది ఉన్నట్టుండి బరువుగా కనిపించింది. ఆంటీ కూర్చునే చోటు పక్కనే, చెవికి దగ్గరగా దాన్ని అమర్చి, చర్చిలో తను చూసుకునే మైకు పెట్టె నుంచి ఒక తీగ లాగి, మెల్లటి ధ్వనితో వినిపించాలని ఆయన ఆలోచన. మాట పైకప్పు దాకా పోకముందే ఆమె చెవిలో పడాలి. ఆమె చర్చికి తిరిగి రావాలి. అంతే ఆయనకి కావలసింది.

నేను అలవాటు ప్రకారం పైపెట్టె గీయడం మొదలుపెట్టాను. నాలుగు గోడలు, ఒక మూత. ఆయన నా చేతిమీద చెయ్యి వేసి ఆపారు.

"పెట్టె తర్వాత. ముందు గాలిని గీయమ్మా."

గాలిని ఎలా గీయాలో నాకు ఏ కోర్సులోనూ చెప్పలేదు. ఆయనకి అది మామూలు సంగతి. స్పీకర్ వెనక ఎంత గాలి ఉండాలి, అది ఏ ఆకారంలో ఉంటే మాట తనలో తాను తడబడకుండా బయటికొస్తుంది, అదే అసలు వస్తువట. లోహం దానికి తొడిగిన చొక్కా మాత్రమే. సరేనని గాలినే ఒక గట్టి ముద్దలాగా గీసి, లేత నీలం రంగు వేశాను. తర్వాత దాన్ని దిమ్మలోంచి తీసెయ్యమంటే కంప్యూటర్ తీసేస్తుంది, మిగిలింది పెట్టె. కానీ ఆ తీసెయ్యడం దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ నీలపు ముద్దని తిప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. ఇక్కడ కొంచెం ఉబ్బాలి, ఇక్కడ సన్నబడాలి అంటూ ఆయన వేలు గాల్లో తిరిగేది. ఒక గంట గడిచాక అది స్పీకర్ పెట్టె లోపలి గాలి అన్న సంగతి నేను మర్చిపోయేదాన్ని. తెరమీద నీలంగా ఏదో ఊపిరి పీలుస్తున్నట్టుండేది.

యాదగిరన్నకి మాత్రం ఇవేవీ పట్టవు. బొమ్మ చూసి, ఇంత లోతుకి కట్టర్ దిగితే వణుకుతుంది సార్, విరుగుతుంది అన్నాడు. దాంతో పెట్టెని ఒళ్ళు వేరు, మూత వేరు రెండు ముక్కలు చేశాం. నేను ఒకచోట లోపలి మూలని నిటారుగా గీస్తే సార్ తల అడ్డంగా ఊపారు. తిరుగుతూ కోసే కత్తి గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూల ఎప్పుడూ కాస్త గుండ్రంగానే వస్తుంది. దాన్ని పదునుగా రమ్మని అడిగితే మిషన్‌కి కోపమొస్తుందమ్మా అన్నారు. బయటి మూలలు మన ఇష్టం, లోపలివి మన ఇష్టం కాదు. ఆ తర్వాత ఎవరైనా మొండిగా మాట్లాడుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

స్పీకర్ నోరు చెవి వైపుకి ఒరిగి ఉండాలి కాబట్టి, ఏ చెవి సార్ అనడిగాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎదురుగా ఆంటీ ఉన్నట్టే మొహంలోకి ఒక మెత్తదనం వచ్చింది. ఎడమ చెయ్యి పైకెత్తి గాల్లో ఒకచోట వేలు పెట్టి, "ఇదిగో, ఈ వైపు. ఎడమ" అన్నారు. ఏమాత్రం తడుముకోలేదు. వాళ్ళ చర్చిలో వేదికకి ఎదురుగా కూర్చుంటే ఎడమ పక్క ఆడవాళ్ళు, కుడి పక్క మగవాళ్ళు, మధ్యలో నడవ. ఆంటీ ఆడవాళ్ళ బెంచీలో గోడ చివర కూర్చుంటే కిటికీ గట్టు ఎడమ చెవి పక్కకి వస్తుంది. ఆ గట్టు ఏటవాలుగా ఉంటుందని పెట్టె అడుగుని కూడా దానికి తగ్గ వాలుతోనే గీయించారు. అంత ముచ్చటగా ఆలోచించారు.

అల్యూమినియం దిమ్మని మిషన్ మీద బిగించిన రోజు సార్ అన్నం కూడా తినలేదు. కరెంటు పోతుందేమోనని మాటిమాటికీ ఆకాశం వంక చూశారు, అక్కడేదో రాసిపెట్టి ఉన్నట్టు. కరెంటు పోలేదు. కూలెంట్ కింద లోహం వెండి రజనుగా రాలుతుంటే, మేం ఇన్నాళ్ళూ తెరమీద తిప్పిన నీలపు గాలి ఉండవలసిన చోటు మెల్లగా ఖాళీ అయింది. కడిగి, తుడిచి, సార్ చేతిలో పెట్టాడు యాదగిరన్న. సార్ కొట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. కొంచెం పాడుతోంది, లోపల ఏదైనా అతికించాలి అన్నారు. మర్నాడు ఇంట్లో మా తాత పాత గొంగడి అంచు కత్తిరించి తెచ్చాను. అది లోపల అతికించాక మళ్ళీ కొట్టి, ఇప్పుడు వింటోంది అన్నారు. పాడే పెట్టె కాదు, వినే పెట్టె కావాలట ఆయనకి.

ఆంటీకి చూపించడానికి ఒక శనివారం మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచారు. చిన్న డాబా ఇల్లు. ఆంటీ చేపల పులుసు చేసింది. మేం మాట్లాడితే మా పెదాల వంక చూసి అర్థం చేసుకుంటోంది. తిన్నాక సార్ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ పక్కన బల్లమీద పెట్టెని పెట్టి, టేప్‌రికార్డర్ తీగ కలిపి, చర్చిలో పాడే ఒక పాట మెల్లగా పెట్టారు. మేం ముగ్గురం ఆవిడ మొహం వంకే చూస్తున్నాం. ఆవిడ మర్యాదగా నవ్వుతూ కూర్చుంది. కాసేపటికి మెడ బాగా వెనక్కి తిప్పి, కుడి చెవిని పెట్టె దగ్గరికి తెచ్చింది. అప్పుడు ఆవిడ కళ్ళు మారాయి. పాట దొరికింది.

"చాలా బాగుందండీ" అంది ఆంటీ. "కానీ ఇది ఎడమ చెవికి చేశారు. నాకు వినబడేది కుడిది."

సార్ నెమ్మదిగా ఎడమ చెయ్యి ఎత్తి, గాల్లో ఆరోజు పెట్టిన చోటే వేలు పెట్టారు. ఈసారి కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలికి సూటిగా, ఎదురుగా, ఆంటీ కుడి చెవి ఉంది. ఆయన ఆవిడని ఎలా చూస్తారో అలాగే గీయించారు, ఎదుటినుంచి.

ఆంటీకి అర్థమై నవ్వింది. "నడిచేటప్పుడు ముందు నడుస్తారు. తినేటప్పుడు ఎదురుగా కూర్చుంటారు. చర్చిలో మైకు పెట్టె దగ్గర వెనకాల ఉంటారు. పక్కన ఎప్పుడున్నారని ఏ చెవో తెలియడానికి?"

గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నమాట అన్నట్టే అంది. కానీ సార్ మొహం చూడలేకపోయాను. లోకంలో ప్రతి వస్తువు లోపలా ఏముందో కొట్టి తెలుసుకునే మనిషి ఇంట్లో మనిషి చెవి దగ్గర తప్పిపోయారు. గొడవ తేలిక చేద్దామని యాదగిరన్న, "డబ్బా తలకిందులు పెడితే కుడి దిక్కుకి వస్తది గద సార్" అన్నాడు. వస్తుంది, కానీ నోరు కిందికి తిరిగి మోకాళ్ళతో మాట్లాడుతుంది అని నేనన్నాను. మోకాళ్ళ మాట నా పెదాల మీద చూడగానే ఆంటీ నా వంక ఒక్క క్షణం చూసి, కొంగు సర్దుకుని, గిన్నెలు తియ్యడానికి లేచింది.

సోమవారం సార్ నా పక్కన స్టూలేసుకుని కూర్చున్నారు. ఏం చెయ్యాలో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. బొమ్మని అద్దంలో చూపినట్టు తిరగేసే ఆజ్ఞ క్యాడ్‌లో ఒకటి ఉంటుంది. మధ్యలో ఒక గీత చూపిస్తే చాలు, ఎడమది కుడిది అయిపోతుంది. చేశాను. మేం అన్ని మధ్యాహ్నాలు కూర్చుని మలిచిన నీలపు గాలి రెప్పపాటులో అటు నుంచి ఇటు మారింది. ఆయన తెర దగ్గరికి వంగారు.

"ఇంత తేలికా అమ్మా?" అన్నారు.

అవును సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని బయటికి వెళ్ళి, షెడ్డు ముందున్న వేప చెట్టు కింద చాలాసేపు నిలబడ్డారు. ఆ రోజు చెట్టుని కొట్టి చూడలేదు.

రెండో పెట్టె కోసం మళ్ళీ ఒక దిమ్మ తొలిచాం. కుడి చెవి కాబట్టి ఆంటీ ఇప్పుడు గోడ చివర కాక నడవ చివర కూర్చోవాలి. పెట్టె కిటికీ గట్టు మీద కాక బెంచీ చేతిమీద ఉండాలి, అందుకని అడుగుని చదునుగా మార్చాను. మొదటి పెట్టెని తుక్కులో వేద్దామని యాదగిరన్న అంటే సార్ ఒప్పుకోలేదు. నూనె కాగితంలో చుట్టి, తన బీరువాలో పై అరలో పెట్టారు. అది తప్పు కాదు, దాని వైపు ఇంకా రాలేదు అన్నారు. పెద్దాయన ఏదో అంటారులే అనుకున్నాను.

అందరికీ కనిపించేలా నడవ పక్కన కూర్చోడానికి ఆంటీ మొదట ససేమిరా అందట. ఎలా ఒప్పించారో నాకు తెలియదు. అమర్చిన ఆదివారం నేనూ యాదగిరన్న కూడా వెళ్ళాం. మేం చర్చి లోపలికి పోవడం అదే మొదటిసారి. అన్న మగవాళ్ళ వైపు, నేను ఆడవాళ్ళ వైపు, ఇద్దరం వెనక బెంచీల్లో కూర్చున్నాం. సార్ తలుపు పక్కన మైకు పెట్టె దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఆయనకి ఆంటీ ముడి మాత్రమే కనిపిస్తుంది. పొద్దుటి వెలుగు పై కిటికీల్లోంచి ఏటవాలుగా పడి, అందులో దుమ్ము మెల్లగా తిరుగుతోంది, మా తెరమీద వస్తువు తిరిగినట్టే. ప్రార్థన మొదలైంది. అయ్యగారు మధ్యలో ఆగారు. సార్ చెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకోవడం చూశాను. ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు మళ్ళీ అందుకుని ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. సార్ కళ్ళు మూసుకున్నారు, అన్ని గొంతుల్లో ఒక్క గొంతు కోసం. తర్వాత కళ్ళు తెరిచి నా వంక చూసి, చిన్నగా తల ఊపారు. నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకో యాదగిరన్న కూడా ముక్కు తుడుచుకున్నాడు.

కొన్నాళ్ళకి నాకు పెళ్ళయింది, వేరే చోట ఉద్యోగం దొరికింది. సార్ వర్క్‌షాపుని ఇంకొకరికి అప్పగించి ఇంట్లోనే ఉంటున్నారని యాదగిరన్న చెప్పాడు. ఒకసారి సికింద్రాబాద్ బస్టాపులో ఆయన కనిపించారు. నేను పలకరించగానే చుట్టూ తిరిగి వచ్చి, నన్ను తన ఎడమ పక్కకి తెచ్చుకుని నిలబడ్డారు. ఇంకా గాలి గీస్తున్నావా అనడిగారు. గీస్తున్నాను సార్ అన్నాను. బస్సు రాగానే దాని రేకు మీద ఒక్కటి కొట్టి, విని, నన్ను ఎక్కించారు. ఆయన అలా చుట్టూ తిరిగి రావడం కూడా ఆయన చేష్టల్లో ఒకటనుకుని ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పి నవ్వుకున్నాను.

పోయిన చలికాలంలో యాదగిరన్న ఫోన్ చేసి, సార్ లేరమ్మా అన్నాడు. నేను ఊళ్ళో లేక మట్టికి అందలేదు. తర్వాత చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడితే వెళ్ళాను. ఆంటీ తెల్లచీరలో నడవ చివర తన చోటులోనే కూర్చుని ఉంది. పక్కన బెంచీ చేతిమీద మేం చేసిన పెట్టె, చేతులు తగిలి తగిలి మెరుస్తోంది. పలకరించబోతూ నడవకి ఇవతల, మగవాళ్ళ వైపు చూశాను. సరిగ్గా ఎదురు బెంచీ చేతిమీద ఇంకో పెట్టె ఉంది. అదే ఒంపు, అదే నోరు, కానీ ఇటు తిరిగి ఉంది. దాని అడుగు చదునుగా లేదు. కిటికీ గట్టుకి తగ్గ వాలుతో ఉన్న ఆ అడుగు కింద, చేత్తో అరగదీసిన చెక్కముక్క ఒకటి ఎత్తుగా పెట్టి ఉంది. పై అరలో నూనె కాగితంలో ఉండిపోయిందనుకున్న మా మొదటి పెట్టె.

ఆంటీ నా చూపు కనిపెట్టింది. "మిషన్ల చప్పుడుకి ఆయనకి కుడి చెవి పోయిందమ్మా. ఎడమది కొద్దిగా మిగిలింది. మైకు పని కుర్రాళ్ళకి వదిలేసి, దీన్ని తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. అప్పట్నుంచీ ఇక్కడే."

ఆ చోటు ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోలేదు. పెట్టె మాత్రం మెల్లగా మాట్లాడుతూనే ఉంది, వినేవాళ్ళు లేని చోట. ఆంటీ నా చెయ్యి పట్టుకుని, నువ్వక్కడ కూర్చోమ్మా అంది. అది మగవాళ్ళ వైపు కదా అన్నాను. ఇవాళ ఎవరూ ఏమీ అనరు అంది.

వెళ్ళి కూర్చున్నాను. పెట్టె నోటిలో వేలు పెట్టి చూస్తే గొంగడి ముక్క గరుకుగా తగిలింది. అయ్యగారి మాట ఎడమ చెవిలో, పక్కన కూర్చున్న మనిషి చెప్తున్నట్టే వినబడుతోంది. సార్ గురించే చెప్తున్నారు, పేరు, ఊరు, చేసిన ఉద్యోగాలు. నేను తల ఎడమ వైపుకి తిప్పాను. నడవకి అవతల, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆంటీ. కొంగు కొంచెం వెనక్కి జారింది. చిన్న ముత్యపు కమ్మతో ఆవిడ కుడి చెవి కనిపిస్తోంది. ఆ చోట కూర్చున్నవాళ్ళకి ఇంకేదీ అంత దగ్గరగా కనిపించదు.

అందరం తలలు వంచాం. ప్రార్థన మధ్యలో అయ్యగారు ఊపిరి తీసుకోడానికి ఆగారు. ఆ ఊపిరి చప్పుడు కూడా పెట్టెలో వినబడింది. ఆంటీ కళ్ళు మూసుకుని, పెదాలు కదపకుండా, ఆ ఊపిరి పూర్తయ్యేదాకా ఆగింది.